4 లక్షల హైక్, నెలకు 2,300 తేడా: టెక్నికల్ లైనా, మేనేజ్‌మెంట్ లైనా?

నెల్లూరులో కెరీర్ కౌన్సెలింగ్ మొదలుపెట్టకముందు నేను 13 ఏళ్లు చెన్నైలో హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ప్రమోషన్ లెటర్లు ఎన్ని తయారుచేశానో లెక్కలేదు. అయినా ఈ కేసులో నా మొదటి సలహా తప్పింది. ఎందుకు తప్పిందో రాసిపెట్టుకోవడం ముందు నాకే అవసరం అనిపించింది. మేనేజర్ అవ్వాలా, టీమ్‌ను నడపకుండా టెక్నికల్ పనిలోనే ఎదగాలా అనే ఇదే ప్రశ్నతో ఇప్పటికీ నెలకు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు కాబట్టి వాళ్లకూ పనికొస్తుంది. ఈ కేసులోని ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, చేసే పని వివరాలు మార్చాను. జీతం అంకెలను దగ్గరి అంకెకు సరిచేశాను.

నేపథ్యం

ఆమెను సుజాత అందాం. వయసు 36. బీటెక్ తర్వాత 14 ఏళ్ల అనుభవం, అందులో చివరి ఏడేళ్లు చెన్నైలోని ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో. బ్యాంకులు వాడే సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ వైపు పని, హోదా లీడ్. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్‌తో నెల్లూరు వచ్చేసింది. నెలకు రెండు రోజులు ఆఫీసుకు వెళితే చాలన్నారు కాబట్టి ఇక్కడే ఉండిపోయింది. భర్తకు ఇందుకూరుపేట వైపు ఆరెకరాల రొయ్యల చెరువులు. పాప మూడో తరగతి. అత్తగారు వాళ్లతోనే ఉంటారు.

2023 ఆగస్టులో కంపెనీ మేనేజర్ పోస్టు ఇస్తామంది. 11 మంది టీమ్. సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ ఆమె మీద పెట్టే మొత్తం ఖర్చు, 24 లక్షల నుంచి 28 లక్షలకు. వారానికి మూడు రోజులు చెన్నై ఆఫీసులో ఉండాలి. జవాబు చెప్పడానికి మూడు వారాలు గడువు.

ఇక్కడ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు అది తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె అని ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. ఆ ఏడాది సుజాత అత్తగారు నీళ్లలో దిగి కోడలి కోసం ప్రమోషన్ రొట్టె తీసుకున్నారు. పండుగ అయిన రెండు వారాలకు ఈ ఆఫర్ వచ్చింది. ఆ ఇంట్లో వద్దు అనే మాట ఎత్తడం ఎంత కష్టమో నెల్లూరు వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆమె తెచ్చిన సమస్య

మొదటి రోజు ఆమె మాట ఇది: "మేడమ్, నాకు మేనేజర్ అవ్వాలని లేదు. అవ్వకపోతే ఇక్కడే ఆగిపోతానేమోనని టెన్షన్. నా కంటే వెనక చేరినవాళ్లు పైకి పోతున్నారు."

ఇందులో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఒకటి, ఆమెకు ఏ పని నచ్చుతుందన్నది. రెండోది, ఏ పనికి ముందుముందు డబ్బూ ఎదుగుదలా ఉన్నాయన్నది. నేను మొదటిదాన్నే పట్టుకున్నాను. అదే నా పొరపాటు.

మొదట చేసినవి, అవి ఎందుకు ఫలించలేదు

ఒక ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టాను. టెక్నికల్ వైపు 71, మేనేజ్‌మెంట్ వైపు 68 వచ్చాయి. మూడు మార్కుల తేడాతో ఎవరి జీవితమూ తేలదు. పైగా ఆమె కొన్ని ప్రశ్నలకు తాను ఎలా ఉంటే బాగుంటుందనుకుంటుందో అలా జవాబిచ్చింది. నాయకత్వం మీద ప్రశ్న వచ్చిన ప్రతిచోటా అత్తగారి రొట్టె గుర్తొచ్చిందని తర్వాత చెప్పింది.

ఆ పరీక్ష పక్కన పెట్టి ఒక గంట మాట్లాడాను. పనిలో సంతోషంగా అనిపించిన రోజులు చెప్పమంటే నాలుగు చెప్పింది. నాలుగూ ఏదో మొండి సమస్యను ఒంటరిగా విప్పిన రోజులే. దాంతో "నీకు నచ్చిన పనిలోనే ఉండమ్మా, టెక్నికల్ లైన్‌లోనూ పైకి ఎదగొచ్చు" అన్నాను. టెక్నికల్ లైన్‌లో లీడ్, ఆర్కిటెక్ట్, ప్రిన్సిపల్ అని మెట్లున్నాయని, ప్రిన్సిపల్‌కు డైరెక్టర్‌తో సమానమైన బ్యాండ్ (జీతం స్థాయి) ఉందని వాళ్ల కంపెనీ కాగితమే చూపించింది. ఆ కాగితాన్ని నేను నమ్మాను. అలాంటివి తయారుచేసిన అనుభవం ఉండి కూడా నమ్మాను, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నన్ను సరిదిద్దింది ఆమె పెదనాన్న. ఆయన శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రంలో, మనం షార్ అనే చోట, పనిచేసి రిటైరయ్యారు. రెండోసారి ఆమెతో పాటు వచ్చి, నేను గీసిన మెట్ల బొమ్మ చూసి అడిగారు: "మా దగ్గర సైంటిస్ట్ ఎస్‌సీ గ్రేడులో చేరినవాడు రాకెట్ పని చేసుకుంటానే ఎస్‌డీ, ఎస్‌ఈ, ఎస్‌ఎఫ్ అయ్యేవాడు. అట్లా అయినోళ్లు మాకు కళ్ల ముందే ఉండేవాళ్లు. మీ కంపెనీలో ఎంతమంది అయినారమ్మా?"

సుజాత దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆయన చెప్పింది నిజమైన పద్ధతి. ఇస్రోలో సైంటిస్ట్/ఇంజినీర్ ఎస్‌సీ అంటే కేంద్ర ఉద్యోగుల జీతాల పట్టికలో (పే మ్యాట్రిక్స్) లెవెల్ 10, మొదటి బేసిక్ 56,100. ఎస్‌ఎఫ్ అంటే లెవెల్ 13, మొదటి బేసిక్ 1,23,100. పైన కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు. చేసిన పనిని సమీక్షించి, ఇంటర్వ్యూ చేసి పై మెట్టు ఇస్తారు. నిజంగా పనిచేసే టెక్నికల్ లైన్ అంటే అది. ప్రైవేటు కంపెనీ కాగితం మీద అవే మెట్లు గీయవచ్చు, వాటి మీద మనుషులు ఉన్నారా లేదా అన్నది వేరే సంగతి.

తలలు లెక్కపెట్టడం

సుజాతకు ఆ వారం ఒకటే పని ఇచ్చాను. చెన్నై ఆఫీసులో ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో, వాళ్లలో గత ఐదేళ్లలో లోపలి నుంచే ఎక్కినవాళ్లు ఎంతమందో రాసుకు రమ్మన్నాను. ఇందులో రహస్యమేమీ లేదు, కంపెనీ డైరెక్టరీలో డిజిగ్నేషన్లు ఉంటాయి, మిగతాది పాత ఉద్యోగులను అడిగితే తెలుస్తుంది.

160 మంది ఉన్న ఆఫీసులో లీడ్‌లు 22, ఆర్కిటెక్టులు ముగ్గురు, ప్రిన్సిపల్ ఒక్కరూ లేరు. ఆ ముగ్గురు ఆర్కిటెక్టులలో ఇద్దరు బయటి నుంచి తెచ్చుకున్నవాళ్లు. అటువైపు మేనేజర్లు 14, సీనియర్ మేనేజర్లు నలుగురు, డైరెక్టర్ ఒకరు. ఐదేళ్లలో మేనేజర్ నుంచి సీనియర్ మేనేజర్ అయినవాళ్లు ఇద్దరు.

రెండు లైన్లూ పైకి పోయేకొద్దీ సన్నబడేవే. కానీ మేనేజ్‌మెంట్ మెట్ల మీద కనీసం మనుషులు ఉన్నారు. నేను ఇచ్చిన సలహా పాటిస్తే ఆమె లీడ్‌గానే ఏళ్లకేళ్లు ఉండిపోయేది. ఆ మాట ఆమెతోనే ఒప్పుకుని సలహా వెనక్కి తీసుకున్నాను.

జీతం కాగితం

డబ్బు విషయానికి ఆమె భర్తనూ రమ్మన్నాను. ఆఫర్ లెటర్, పాత పే స్లిప్ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఒక్కో లైన్ మీద స్కేలు జరుపుతూ చదివాం.

పాత 24 లక్షల్లో 22 ఫిక్స్‌డ్ (ఖాయంగా వచ్చేది), 2 వేరియబుల్ (ఏడాది ఎలా గడిచిందో చూసి కంపెనీ ఇచ్చేది). కొత్త 28 లక్షల్లో వేరియబుల్ 20 శాతం, అంటే 5.6 లక్షలు. మిగిలిన ఫిక్స్‌డ్ 22.4. నాలుగు లక్షల హైక్‌లో చేతికి ఖాయంగా వచ్చేది ఏడాదికి 40 వేలు. అప్పటి శ్లాబుల ప్రకారం ఆమె 30 శాతంలో ఉంది, సెస్సుతో కలిపి 31.2. పన్ను పోగా నెలకు దాదాపు 2,300 రూపాయలు. పెరిగే పీఎఫ్ కోత తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది.

ఆమె స్కేలు అక్కడే ఆపి చాలాసేపు ఆ లైన్ వైపే చూసింది.

రెండో సంగతి లెటర్‌లో చివర చిన్న అక్షరాల్లో ఉంది. ప్రమోషన్ ఇచ్చిన ఏడాది మామూలు హైక్ విడిగా రాదు. ఆ కంపెనీలో హైకులు అక్టోబరులో. ఆమె రేటింగ్‌కు లీడ్‌గా ఉంటేనే 9 శాతం వచ్చేది. అంటే ఏమీ మారకుండా ఉంటే సీటీసీ 26.16 లక్షలు, అందులో ఫిక్స్‌డ్ 23.98. మేనేజర్ అయితే ఫిక్స్‌డ్ 22.4. ఖాయంగా వచ్చే డబ్బు ప్రమోషన్‌తో లక్షన్నరకు పైగా తగ్గుతోంది.

వేరియబుల్ ఎంత ఇస్తారన్నది మిగిలింది. గత రెండేళ్లూ కంపెనీ 65 శాతం దగ్గర ఇచ్చింది. ఆ లెక్కన మేనేజర్‌కు మొత్తం 26.04 లక్షలు, లీడ్‌కు 25.40. పూర్తిగా ఇస్తే మేనేజర్ 1.84 లక్షలు ముందుంటారు. 30 శాతమే ఇచ్చే చెడ్డ ఏడాది వస్తే లీడే అరలక్ష ముందు. పైగా వారానికి రెండు రాత్రులు చెన్నైలో ఉండాలంటే పీజీ హాస్టల్‌కు, రైలుకు నెలకు తొమ్మిది వేలు తక్కువ కాదు.

వేరియబుల్ అంటే ఏమిటో ఆమె భర్తకు వివరించబోతే ఆయనే అందుకున్నారు. "అంటే మేడమ్, పట్టుబడి అయినాక కౌంట్ చూసి చెప్పే రేటు అన్నమాట."

సరిగ్గా అదే. రొయ్యలు పట్టాక, కిలోకు ఎన్ని తూగాయన్న కౌంట్ చూసే కదా రేటు చెప్పేది. అంతకుముందు ఏడాది వాళ్ల ఒక పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. మందులకు, మేతకు, ఏరియేటర్ల కరెంటు బిల్లుకు పెట్టిందంతా నీళ్లలో కలిసింది. ఇంట్లో ఒక ఆదాయం ఇప్పటికే చెరువు మీద ఆధారపడి ఉంది. అలాంటి ఇంట్లో రెండో ఆదాయం ఎంత గట్టిగా, ఎంత ఖాయంగా ఉంటే అంత మంచిది. ఇదే ఆఫర్ భార్యాభర్తలిద్దరికీ నెల జీతాలున్న ఇంటికి వస్తే నేను వేరే విధంగా ఆలోచించేదాన్ని. వాళ్లు వేరియబుల్ రిస్క్ మోయగలరు, పైన ఖాళీ వచ్చినప్పుడు అందుకోవడానికి ఆ మెట్టు మీద నిలబడి ఉండటమూ ఒక పెట్టుబడే. ఈ పోలికను ఎవరికి వాళ్లు తమ ఇంటి లెక్కతో కలిపి చూసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

మరి వద్దని చెప్పేయవచ్చు కదా?

చెప్పలేదు. అప్పటికి మా ఇద్దరికీ తెలియనిది ఒకటుంది. మనుషులతో పని ఆమెకు నిజంగా పడదా, లేక ఎప్పుడూ చేయలేదు కాబట్టి భయమా? ఏ పరీక్షా దాన్ని తేల్చదు, చేసి చూడటమే దారి. అందుకని ఆరు నెలలు తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకుంటానని, డిజిగ్నేషన్, అక్టోబరు హైక్ ఉన్నవి ఉన్నట్టే ఉండాలని, వారానికి మూడు రోజులకు బదులు రెండు రోజులు వస్తానని, వెనక్కి వస్తే ప్రమోషన్ కాదన్నట్టు రికార్డులో రాయకూడదని మెయిల్ పెట్టించాను.

మొదటి మూడింటికి సరే అన్నారు. నాలుగోదానికి వాళ్ల బాస్ ఫోన్‌లో "నేనున్నాను కదా" అన్నారు. ఆమె అది చాలనుకుంది. నేను ఒప్పుకోలేదు. హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు నోటిమాట హామీలు మాట ఇచ్చిన మనిషితో పాటే వెళ్లిపోవడం చాలాసార్లు చూశాను. రెండు వారాలు మెల్లగా అడగ్గా ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. ఆ బాస్ జనవరిలో వేరే డివిజన్‌కు మారిపోయారు. ఆ మెయిల్ లేకపోతే, ఆరు నెలలు ముగిసిన మార్చిలో ఆమె మాట వినేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

ఆరు నెలల్లో జరిగింది

ఇంట్లో వంటగది గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌నే డైరీగా వాడమన్నాను. ఎక్కువ సమయం మనుషుల పనికి పోయిన రోజు ఎర్ర పెన్నుతో సున్నా, సాఫ్ట్‌వేర్ పనికి పోయిన రోజు నీలం సున్నా. పడుకునే ముందు బాగా అలసిపోయినట్టుంటే పక్కన ఒక టిక్కు.

మొదటి రెండు నెలలూ క్యాలెండర్ ఏమీ చెప్పలేదు, ప్రతిరోజూ రెండు రంగులూ ఉన్నాయి, ప్రతిరోజూ టిక్కే. పగలు మీటింగులు, రాత్రి పది దాటాక పాత పని. రైల్లో కూడా ప్రొడక్షన్ ఇష్యూలు (వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు) చూస్తోంది. ఇది నేను ముందే ఊహించాల్సింది. కొత్త బాధ్యత ఇవ్వమని అడిగించాను గానీ పాత బాధ్యత ఎవరికి అప్పగించాలో అడిగించలేదు. ఆ రెండు నెలలు ట్రయల్‌గా లెక్కకు రావు, ఆమె ఆరోగ్యాన్నీ కొంత తిన్నాయి.

పాత పని జూనియర్‌కు ఇచ్చేయమంటే, "అది నాకు తప్ప ఎవరికీ తెలియదు మేడమ్" అంది. ఆ మాట వినగానే ఆమె లీడ్ దగ్గర ఎందుకు ఆగిపోయిందో నాకు సగం అర్థమైంది. తనకొక్కదానికే తెలిసిన పని కంపెనీకి ఆమెను కావలసిన మనిషిని చేసింది. అదే ఆమెను అక్కడి నుంచి కదలనివ్వలేదు. మూడు శనివారాలు కూర్చుని తొమ్మిది పేజీల నోట్స్ రాసింది. డిసెంబరు నుంచి ఆ పని జూనియర్ చూసుకోవడం మొదలుపెట్టాడు. అదే తొమ్మిది పేజీల పని గురించి తర్వాత ఇంటర్వ్యూలలో అందరికంటే ఎక్కువ అడిగారు.

జనవరిలో రేటింగులు వచ్చాయి. 11 మందిలో ఒకరిని కింది రేటింగ్‌లో పెట్టి తీరాలన్నారు. ఆ వారం ఆమె నా గదిలో కూర్చుని కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుస్తూనే ఉంది. "పని బాగోలేదని మొహం మీద చెప్పడం నాకు కష్టంగా లేదు మేడమ్, అది నేర్చుకున్నాను. బాగా చేసినవాడిని కింద పెట్టడమే రావట్లేదు" అంది. నేను ఈ మాటను బలహీనతగా చూడలేదు. చాలామంది మంచి మేనేజర్లు రేటింగులు తేల్చే మీటింగులో తమవాళ్ల కోసం గట్టిగా వాదించి నెగ్గుకొస్తారు. ఆ వాదనకు ఆమె వెళ్లింది, ఒక రౌండు నెగ్గింది కూడా. వారం రోజులు నిద్రపోలేదు.

ఫిబ్రవరి క్యాలెండర్ స్పష్టంగా చెప్పింది. 24 పని రోజుల్లో 17 ఎర్రవి, వాటిలో 11కు టిక్కులు. ఏడు నీలం రోజుల్లో రెండింటికే టిక్కులు, అదీ నీలం రోజులు రాత్రి తొమ్మిది దాకా సాగినవి. ఎర్ర రోజులు ఆరింటికే ముగిసినవి. ఆమె ఆ కాగితాన్ని చింపి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మేనేజర్ పని చేయగలను మేడమ్. రోజూ చేయాలని లేదు" అంది. ఆగస్టులో చెప్పిన మాటా దాదాపు ఇదే. ఇప్పుడు గొంతులో భయం లేదు, అదే తేడా.

ఏది పనిచేసింది

టెక్నికల్ లైన్ కావాలి, ఆ కంపెనీలో ఆ లైన్ లేదు. కాబట్టి బయట చూడాలి. రెండు చోట్ల ఇంటర్వ్యూలు చివరిదాకా వచ్చాయి. రెండు చోట్లా హెచ్‌ఆర్‌ను ఒకే ప్రశ్న అడగమన్నాను: మీ దగ్గర ఆర్కిటెక్టులు ఎంతమంది, వాళ్ల పై మెట్టు మీద, టీమ్‌ను నడపకుండా ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో లోపలి నుంచే ఎదిగినవాళ్లు ఎంతమంది? మొదటి చోట "మా దగ్గర ఎదుగుదలకు హద్దుల్లేవు" అన్నారు. అంకె చెప్పలేదు. రెండో చోట మర్నాడు మెయిల్ వచ్చింది, ఆర్కిటెక్టులు 19, ప్రిన్సిపల్స్ ఐదుగురు, ఆ ఐదుగురిలో ఇద్దరు అక్కడే లీడ్‌గా చేరినవాళ్లు.

రెండోచోట ఆర్కిటెక్ట్‌గా 30 లక్షలు ఇచ్చారు. 27 ఫిక్స్‌డ్, 3 వేరియబుల్. అక్టోబరు హైక్ తర్వాతి 23.98తో పోలిస్తే ఫిక్స్‌డ్‌లో మూడు లక్షల పెరుగుదల, పన్ను పోగా నెలకు 17 వేల పైచిలుకు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ పెరుగుదల టెక్నికల్ లైన్ వల్ల వచ్చింది కాదు, ఎక్కువ భాగం కంపెనీ మారడం వల్ల వచ్చింది. మేనేజర్‌గా మారినా ఎంతో కొంత వచ్చేది. అయితే డేటాబేస్ నైపుణ్యం ఏ కంపెనీకైనా వెంట వస్తుంది. మేనేజర్ విలువలో పెద్ద వాటా ఆ కంపెనీలోని మనుషులు, పద్ధతులు తెలిసి ఉండటంలో ఉంటుంది, మారినప్పుడు అందులో కొంత అక్కడే మిగిలిపోతుంది. నెల్లూరులో ఉండి పనిచేయాలనుకునే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. కొత్త కంపెనీ నెలకు రెండు రోజులే రమ్మంది.

మారితే గ్రాట్యుటీ పోతుందని ఆమె భయపడింది. ఐదేళ్లు దాటింది కాబట్టి పోదు. అప్పటి లెక్క ప్రకారం చివరి బేసిక్‌ను 15తో గుణించి 26తో భాగిస్తే ఒక ఏడాది గ్రాట్యుటీ. ఆమె ఏడేళ్ల ఎనిమిది నెలలు చేసింది. ఆరు నెలలు దాటిన మిగులును పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి ఎనిమిదేళ్లు. బేసిక్ 98,100 మీద దాదాపు నాలుగున్నర లక్షలు వచ్చాయి. ఏప్రిల్‌లో రిజైన్ చేసి, నోటీస్ పూర్తిచేసి 2024 జూన్‌లో చేరింది.

ఆమె వదిలిన మేనేజర్ సీట్లోకి అదే టీమ్‌లో ఇంకో లీడ్ వెళ్లాడు. భార్యకు చెన్నైలోనే ఉద్యోగం, సొంత ఫ్లాట్, ఆఫీసు అరగంట దూరం. బాగా చేస్తున్నాడు, ఆ పనే అతనికి నచ్చింది కూడా. అదే 28 లక్షల లెటర్ అతని ఇంట్లో సరైన లెటరే.

ఇప్పుడు ఈ ప్రశ్నతో వచ్చేవాళ్లను నేను ఏది నచ్చుతుందని మొదట అడగడం మానేశాను. ముందు తలలు లెక్కపెట్టుకు రమ్మంటాను, తర్వాత ఫిక్స్‌డ్ ఎంతో చూస్తాను, ఆ తర్వాత ఇంట్లో ఇంకెవరి ఆదాయం ఎలాంటిదో అడుగుతాను. ఇష్టం గురించి అప్పుడు మాట్లాడితే మాట సూటిగా వస్తోంది. సుజాత మటుకు ప్రతి అక్టోబరులో కొత్త కంపెనీలోనూ ఆ లెక్క మళ్లీ వేసి పంపిస్తుంది, ఐదుగురు ప్రిన్సిపల్స్ ఆరుగురయ్యారా, నలుగురయ్యారా అని.

ఆమె చేరిన మరుసటి నెలలోనే రొట్టెల పండుగ. అత్తగారికి ఒక సందేహం వచ్చింది. మేనేజర్ కాలేదు కదా, రొట్టె తిరిగి ఇవ్వొచ్చా అని. సుజాత నాకు ఫోన్ చేసింది, నేనేం చెప్పగలను, ఇంట్లోనే తేల్చుకోమన్నాను. ఆర్కిటెక్ట్ అంటే లీడ్ కంటే పైదే కదా అని కొడుకు చెప్పాక ఆవిడ ఒప్పుకున్నారు. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, గూడూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడి చేతిలో ప్రమోషన్ రొట్టె పెట్టారట.